ఓడ ఆలస్యమైతే ఉభాలు ఆగవు

వరి మడికి భాస్వరం ఇచ్చే డీఏపీ ఎరువు ఆఖరి దమ్ములోనే పడాలి. భాస్వరం నేలలో పెద్దగా కదలదు, వేళ్లే దాన్ని వెతుక్కుంటూ పోవాలి. అందుకే ఉభాలైన, అంటే నాట్లు పడిన, పది రోజులకు వచ్చిన బస్తా రానిదాని కిందే లెక్క. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ బస్తా ఎక్కణ్నుంచి వస్తోందో, దారిలో ఎన్నిచోట్ల చిక్కుకోవచ్చో మాత్రం ప్రభుత్వాలు ముందుగా చెప్పడం లేదు.

పారాదీప్‌లో, విశాఖలో, కాకినాడలో ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా అనుకుంటాం. వాటికి కావలసిన ఫాస్ఫేట్ రాయి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఎక్కువగా మొరాకో, జోర్డాన్, సెనెగల్ వంటి దేశాల నుంచే రావాలి. 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో ఓడల మీద యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీల దాడులు మొదలయ్యాక ఎన్నో ఓడలు సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా కొస చుట్టి వచ్చాయి. ప్రయాణం 10 నుంచి 14 రోజులు పెరిగింది. సముద్రం మీద పోయిన ఆ రెండు వారాలే మన దగ్గర ఉభాల అదను. చైనా 2021 అక్టోబరు నుంచి ఎరువుల ఎగుమతిని తనిఖీలతో బిగించింది. పొటాష్ సంగతి సరేసరి, దాదాపు అంతా దిగుమతే.

2025 జూలైలో సౌదీ కంపెనీ మాదెన్‌తో ఏటా 31 లక్షల టన్నుల డీఏపీకి మన సంస్థలు ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నాయి. మంచి పనే, కాదనం. కానీ ఆ కంపెనీ ఎరువులు ఓడెక్కే రాస్ అల్ ఖైర్ రేవు పర్షియన్ గల్ఫ్ లోపల ఉంది. అక్కణ్నుంచి హర్మూజ్ జలసంధి దాటితేనే మనకు చేరుతుంది. యూరియా తయారీకి ఖతార్ నుంచి తెచ్చుకునే గ్యాసూ ఆ సందులోంచే వస్తుంది. అమ్మేవాళ్లు పెరిగారని ధీమా పడేముందు, సరుకంతా ఎన్ని దారుల్లో వస్తోందో ఢిల్లీ లెక్క చూసుకోవాలి.

ఇక్కడ ఆ దారి చివర ఏం జరుగుతోందో కళ్లారా చూశాం. తెల్లారక ముందే దుకాణం అరుగు మీద ఆధార్ జిరాక్సులు వరసగా పెట్టి, ఎగిరిపోకుండా వాటి మీద గులకరాళ్లు ఉంచారు. నారు పీకి పీకి అరిగిపోయిన బొటనవేలిని మెషీన్ గుర్తించకపోతే, ఒకామె దాన్ని చీర చెంగుకు తుడిచి మళ్లీ పెట్టింది. మూడోసారి పడింది. బస్తాతో పాటు ఆమె అడగని సీసా ఒకటి చేతిలో పెట్టారు. లింకు సరుకట. అది వద్దంటే బస్తా లేదు. ఈ దోపిడీని సీజనంతా చూస్తూ ఊరుకునే అధికారులను మేం తప్పుపడుతున్నాం.

సరిహద్దు రైతుకు ఇంకో బాధ ఉంది. 1973 నాటి ఎరువుల రవాణా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా ఎరువు రాష్ట్రం దాటకూడదు. పర్లాకిమిడికి ఆంధ్రలోని పాతపట్నం కూతవేటు దూరం. ఇటు ఇల్లు, అటు పొలం ఉన్నవాళ్లు ఉన్నారు. సబ్సిడీ సరుకు లారీల్లో తరలిపోకుండా ఆపాల్సిందే. పట్టా కాగితం చూపించి సొంత చేనికి రెండు బస్తాలు తీసుకెళ్లే మనిషి దొంగరవాణాదారు ఎలా అవుతాడు? గజపతి, శ్రీకాకుళం కలెక్టర్లు ఒక్కసారి కూర్చుంటే తేలిపోయే విషయమిది.

మేం గట్టిగా కోరేది ఒకటే: మే నెలాఖరుకల్లా ప్రతి సహకార సంఘం గోదాములో ఖరీఫ్‌కు సరిపడా డీఏపీ ఉండాలి. ఓడ రేవులో ఉందన్న ప్రకటన మాకొద్దు. సంఘాలు ముందుగా ఎందుకు తెచ్చిపెట్టుకోవంటే, అమ్ముడయ్యేదాకా వడ్డీ, అద్దె మోసే స్తోమత వాటికి లేదు. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఎన్ని బస్తాలున్నాయో రోజూ బోర్డు మీద రాయించాలి.

వాడకం తగ్గించుకోగలిగినచోట రైతులూ తగ్గించుకోవాలి. భాస్వరం నిల్వ ఉన్న మడికి మళ్లీ నిండు మోతాదు వేయడం దండగ. మట్టి పరీక్ష చేయిస్తే అది తెలుస్తుంది. డీఏపీ దొరకనప్పుడు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఉంది. డీఏపీలో భాస్వరం 46 శాతం, ఇందులో 16 శాతమే కాబట్టి బస్తాకు మూడు బస్తాలు మోయాలి. గత్తం, పచ్చిరొట్ట పైర్లయిన జీలుగ, జనుము యూరియా అవసరాన్ని కొంత తగ్గిస్తాయి. పూతకొచ్చిన జీలుగనే దమ్ములో కలియదున్నాలి, అందుకు నెలన్నర పడుతుంది. కాబట్టి రాయితీ విత్తనం తొలకరికి ముందే అందాలి. నారు తీసే రోజుల్లో పంచితే ఆ ఏడాదికి పనికిరాదు.