ఇంకో రెండేళ్లు ఆగండమ్మా, తీర్మానం పెడుతున్నాం

శ్రీలంకలో న్యాయం కోసం జెనీవా పెద్దలు పడుతున్న పాట్లను ఎవరైనా చులకన చేస్తే నేను ఊరుకోను. 2009 మేలో సైన్యానికీ తమిళ పులులకీ మధ్య యుద్ధం ముగిసిందో లేదో, జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ప్రత్యేకంగా సమావేశమై, కొలంబోను మెచ్చుకుంటూ ఓ తీర్మానం చేసేసింది. ఆనక ఎక్కడో తేడా కొట్టినట్టుంది, 2012 నుంచి వరసపెట్టి మందలింపు తీర్మానాలు. 2015లో ఇంకా విచిత్రం, శ్రీలంక తన మీద తీర్మానానికి తనే సహ ప్రతిపాదకురాలిగా చేరింది, అందరూ చప్పట్లు. అమలుకు టైం చాల్లేదంటే 2017లో రెండేళ్లు, 2019లో ఇంకో రెండేళ్లు ఇచ్చారు. 2020లో కొలంబో మాకీ గోల వద్దని చేతులు దులుపుకుంది. మండలి నొచ్చుకుందా? అబ్బే, 2021లో ఇంకోటి, 2022లో మరోటి. (మన దేశం ఆ రెండుసార్లూ ఎటూ ఓటెయ్యలేదు, అదో కళ.)

అసలు ఆ మండలి కూర్చునే హాలు చూడాలండీ. స్పెయిన్ కళాకారుడు బార్సెలో టన్నులకొద్దీ రంగులు చల్లి పైకప్పంతా గుహలా చేశాడు, రంగురంగుల కొమ్ములు కిందకి వేలాడుతుంటాయి. వాటి కింద హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఒకాయన లేచి, పురోగతి కొంత కనిపిస్తోందంటాడు. పక్కాయన, కొంతేంటి, ప్రోత్సాహకరంగా ఉందంటాడు. మూడో ఆయన "ప్రోత్సాహకరంగా" ముందు "కాస్త" చేర్చాలని పట్టుబడతాడు. ఆ "కాస్త" మీద కాఫీ బ్రేక్ దాకా చర్చ. ఈలోగా బాధితుల తరఫున ఎవరో మాట్లాడబోతే టైం అయిపోయి మైకు కట్.

అక్కడ ఉత్తర శ్రీలంకలోని కిలినొచ్చిలో తమిళ తల్లులు 2017 ఫిబ్రవరి నుంచి రోడ్డు పక్కన పిల్లల ఫొటోలు పట్టుకుని కూర్చున్నారు. యుద్ధం ఆఖరి రోజుల్లో తమ చేతులతో సైన్యానికి అప్పగించిన పిల్లలు. ఎన్ని కమిషన్లొచ్చినా అదే ఫొటో, అదే కథ, మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నారు. తప్పిపోయిన వాళ్ల కోసం ఆఫీసు పెడుతూ 2016లో చట్టం చేశారు, అందులో కూర్చునే మనుషుల్ని వెయ్యడానికి 2018 దాకా పట్టింది. ఎదురుచూసి ఎదురుచూసి కొందరు తల్లులు పోయారు కూడా. జాఫ్నా దగ్గర మిరుసువిల్ అనే ఊళ్లో పసివాళ్లతో సహా 8 మంది తమిళుల్ని చంపినందుకు ఒక్క సైనికుడికి, ఒకే ఒక్కడికి, మరణశిక్ష పడితే, సుప్రీంకోర్టు ఖాయం చేశాక 2020 మార్చిలో అప్పటి అధ్యక్షుడు గొటబాయ రాజపక్స క్షమాభిక్ష పెట్టి ఇంటికి పంపాడు. సిగ్గుండాలి. దాన్ని ఖండించిన పెద్దలు మర్నాడు మళ్లీ ఆ ప్రభుత్వంతోనే "సహకారం" గురించి మాట్లాడుకున్నారు. 2024 అక్టోబర్‌లో ఇంకో తీర్మానం వచ్చింది, ఈసారి ఓటింగ్ కూడా లేకుండా. అప్పుడిచ్చిన గడువు ఏడాది.