అడోర్నో అన్నది సరే, తర్వాత అన్నదో?

హింస మీద తొలి సంపుటి వేసిన కవి ఎవరైనా పుస్తకాల షాపులో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితే చాలు, ఒక పోస్టు మళ్లీ చక్కర్లు కొడుతుంది. దాని సారం ఇది: "ఆష్విట్జ్ తర్వాత కవిత్వం రాయడం ఆటవికమని అడోర్నో ఎప్పుడో చెప్పాడు. దెబ్బ తినని వాళ్లకు హింస గురించి రాసే హక్కు లేదు. తిన్నవాళ్లు రాసినా, అందంగా రాస్తే మోసం. ఇక షాపులో మైకు పట్టుకుని చదవడమంటే గాయాన్ని అమ్ముకోవడమే."

షేర్ చేసేవాళ్లలో కవిత్వమంటే ప్రాణం పెట్టేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ జవాబు.

ముందు జర్మన్ తత్వవేత్త అడోర్నో సంగతి. ఆ మాట ఆయనదే. 1949లో రాసి 1951లో అచ్చయిన వ్యాసంలో ఉంది. కానీ హింస గురించి రాసే కవుల మీద పెట్టిన నిషేధం కాదది. నాజీల ఆష్విట్జ్ శిబిరంలో లక్షల మందిని చంపిన అంత ఘోరం జరిగాక కూడా ఏమీ కానట్టు నడిచిపోయే సంస్కృతి మీద కోపం. ఆ సంస్కృతిని విమర్శించే తనలాంటి వాళ్లను కూడా ఆయన వదల్లేదు. పైగా 1966లో తనే ఆ మాట సవరించుకున్నాడు. చిత్రహింస పడేవాడికి అరిచే హక్కు ఎంతుందో, ఎడతెగని బాధకు బయటపడే హక్కూ అంతే ఉంది, కాబట్టి నేనన్నది తప్పు కావచ్చు అన్నాడు. వెంటనే ఇంకా కష్టమైన ప్రశ్న వేశాడు: ఆష్విట్జ్ తర్వాత అసలు బతకగలమా? మొదటి మాట పోస్టులో ఇముడుతుంది, ఈ సవరణ ఇమడదు. అదీ చిక్కు.

రెండోది, హక్కు. బోయవాడి బాణం వాల్మీకికి తగల్లేదు, పక్షికి తగిలింది. శ్లోకం మాత్రం చూసినవాడి నోట వచ్చింది. అయితే ఆయన పక్షి గొంతు అరువు తెచ్చుకోలేదు, తనుగా బోయవాణ్ణి నిలదీశాడు. ఈ తేడా తెలియని పుస్తకాలు వస్తూనే ఉంటాయి. వాటిని ఏకండి, నేనూ చెయ్యి వేస్తాను.

అందం గురించి ఒక్క ఉదాహరణ చాలు. నాజీల కాలంలో శిబిరాలకు తరలించిన తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న, జర్మన్‌లో రాసే కవి పాల్ త్సెలాన్ కవిత మొదట 1947లో రొమేనియన్ అనువాదంలో, 'మృత్యు టాంగో' అనే అర్థమొచ్చే పేరుతో అచ్చయింది. సమాధులు తవ్వేవాళ్ల చేతే పాట వాయించే అధికారి అందులో ఉన్నాడు. ఆ లయ పైన పూసిన రంగు కాదు, నేరంలో భాగం.

ఇక అమ్మకం. మైకు ముందు కూర్చున్న కవిని ఎప్పుడైనా గమనించారా? కొన్ని పేజీలు చదవకుండానే తిప్పేస్తారు. "ఇదంతా మీకే జరిగిందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు (ఈ ప్రశ్న తప్పదు). కవి జవాబు చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. అమ్ముకునేవాడికి ఆ కథే సరుకు, దాన్ని దాచుకోడు.

స్టాలిన్ కాలంలో కొడుకును జైల్లో పెడితే రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మతోవా లెనిన్‌గ్రాడ్‌లో జైళ్ల బయట 17 నెలలు క్యూల్లో నిలబడింది. ఆ రోజుల మీద రాసిన కవితలు ఇంట్లో ఉంటేనే ప్రమాదం. చీటీ మీద రాసి స్నేహితురాలికి అందించేది, ఆమె కంఠతా పట్టాక యాష్‌ట్రేలో కాల్చేసేది. 1963లో మ్యూనిక్‌లో అచ్చయ్యాయి. సొంత దేశంలో మొత్తంగా రావడానికి 1987 దాకా పట్టింది. అప్పటికి ఆమె పోయి 21 ఏళ్లు. తన ఊళ్లో ఒక పుస్తకాల షాపులో కూర్చుని ఆ పుస్తకం గురించి మాట్లాడే సాయంత్రం ఆమెకు రానే లేదు.