ముందు ఆట చెప్పండి, తర్వాతే ఇంటిపేరు

కొత్త ఆటగాడు మైదానంలోకి దిగగానే అందరి కళ్లూ అతడి చొక్కా వెనకనున్న పేరు మీద పడతాయి. సింగ్ అనో, ఖాన్ అనో ఉంటే ఎవరూ ఆరా తీయరు. బిన్నీ, హెడ్లీ, బ్రేస్‌వెల్ అని కనబడితే కామెంటేటర్లకు ఆ పూటకు సరిపడా సరుకు దొరికినట్టే. ఎవరి కొడుకు, ఎవరి మనవడు అన్న లెక్క తేలాకే అతడు వేసిన బంతి సంగతి. పత్రికల శీర్షికలూ ఈ విషయంలో తక్కువ తినలేదు.

హెడ్లీల సంగతే చూడండి. 22 టెస్టులు, 2,190 పరుగులు, 60.83 సగటు... జమైకా దిగ్గజం జార్జ్ హెడ్లీని లోకం ఆస్ట్రేలియా బ్యాటింగ్ దిగ్గజం బ్రాడ్‌మన్‌తో పోల్చి 'నల్ల బ్రాడ్‌మన్' అంది. బ్రాడ్‌మన్‌నే 'తెల్ల హెడ్లీ' అనాలన్నది కరీబియన్ల వాదన. వారి పట్టుదలలో న్యాయం లేకపోలేదు. జార్జ్ కొడుకు రాన్ ఇంగ్లండ్ దేశవాళీ పోటీలైన కౌంటీ క్రికెట్‌లో ఏళ్ల తరబడి వేల పరుగులు చేశాడు. అయినా 1973లో వెస్టిండీస్ తరఫున ఆడింది రెండే టెస్టులు. తండ్రి సగటుతో పోలిస్తే ఎంత గొప్ప బ్యాటరైనా వెలవెలబోవలసిందే. మనవడు డీన్ బంతి పట్టాడు, అదీ ఇంగ్లండ్ తరఫున. 1998 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా లక్ష్యం 175. వంద దాటేసరికి పడినవి రెండు వికెట్లే. ఆ తర్వాత డీన్ ఒకే స్పెల్‌లో మిడిలార్డర్‌ను కూల్చేశాడు. ఒక కొసన స్టీవ్ వా నాటౌట్‌గా నిలిచిపోగా జట్టు 162కే ఆలౌటైంది. 60 పరుగులకు 6 వికెట్లు డీన్‌వి. అందులో తాతగారి వాటా ఎంత?

మూడు తరాల టెస్టు ఆటగాళ్లున్న ఇల్లు మరొకటీ ఉంది. జహంగీర్ ఖాన్ 1930లలో భారత్‌కు, కొడుకు మాజిద్, మనవడు బాజిద్ పాకిస్థాన్‌కు ఆడారు. ఖాన్ అన్న పేరు ఊరూరా ఉండేది కాబట్టి బాజిద్‌ను చూసి జహంగీర్‌ను తలచుకునేవారు అరుదు. ఆస్ట్రేలియాకు ఆడిన చాపెల్ సోదరులకు తాత అయిన విక్ రిచర్డ్‌సన్ కూడా ఆస్ట్రేలియా కెప్టెనే. తల్లి తరఫు తాత కావడంతో స్కోరుకార్డులో ఆ చుట్టరికం జాడే ఉండదు. బరువంతా అరుదైన పేరున్నవారి మీదే పడుతోందన్న మాట.

అలిస్సా హీలీని చాలాకాలం ఆస్ట్రేలియా మాజీ వికెట్‌కీపర్ ఇయాన్ హీలీ సోదరుడి కూతురిగానే పరిచయం చేశారు. 2022 మహిళల ప్రపంచకప్ ఫైనల్లో 138 బంతుల్లో 170 కొట్టాక గానీ ఆ ధోరణి తగ్గలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో అర్జున్ టెండూల్కర్ గోవా తరఫున తొలి రంజీ మ్యాచ్‌లో సెంచరీ చేస్తే, 1988లో తన తొలి రంజీ మ్యాచ్‌లో తండ్రి సచిన్ కొట్టిన సెంచరీతో పోలికలే వార్తలయ్యాయి. కుర్రాడేమో ఎడమచేతి వాటం పేసర్!

అలాగని ఇంటిపేరు ప్రస్తావనే తప్పని మేం అనడం లేదు. స్టువర్ట్ బిన్నీ భారత జట్టులోకి వచ్చినప్పుడు తండ్రి రోజర్ జాతీయ సెలెక్టర్. ప్రశ్నలు రావడం సహజం, అవసరం కూడా. 2014 జూన్‌లో బంగ్లాదేశ్‌లోని మీర్పూర్‌లో స్టువర్ట్ 4 పరుగులిచ్చి 6 వికెట్లు తీసి, వన్డేల్లో కుంబ్లే 1993లో నెలకొల్పిన 6/12 భారత రికార్డును దాటేశాడు. ఆ తర్వాతా గుసగుసలు ఆగలేదు. ఇంటిపేరు అరుదైనది కాకపోతే ఆ బంధుత్వం ఇంతగా కంటబడేది కాదేమో. అదే అసలు ప్రమాదం: పేరు కలవని మేనల్లుడి విషయంలో ఎవరు అడుగుతారు? అందుకే పేర్లను బట్టి అనుమానించే పని అభిమానులకు వదిలేయకుండా బోర్డులే పూనుకోవాలి. సెలెక్టర్‌కు ఏ వైపు నుంచైనా బంధువైన ఆటగాడు పరిశీలనలో ఉంటే ఆ సంగతి ముందే ప్రకటించాలి. ఆ సెలెక్టర్‌ను చర్చకు దూరంగా ఉంచాలి. ఎంపికకు ఆధారమైన దేశవాళీ గణాంకాలను జట్టు జాబితాతో పాటే బయటపెట్టాలి.