మహిషి కనబడుటలేదు

చదువుకున్నన్నాళ్ళూ నేను ఒకే ఒక్కరి కోసం రాశాను: పరీక్ష పేపర్లు దిద్దే ఆయన కోసం. ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు కానీ గుణగణాలు మాత్రం కొట్టినపిండి. ఆయనకు బరువంటే ఇష్టం. అడిషనల్ షీట్లు ఎన్ని కడితే అంత మంచిది. ఉపశీర్షిక కింద రంగుగీత కొడితే కాసేపు ఆగుతాడు, కొట్టకపోతే ఆగడు. అన్నిటికన్నా గొప్ప గుణం, మధ్యలో లేచి పోలేడు. పేపరుకు ఇంత అని దుడ్డు పుచ్చుకున్న పాపానికి ఎంత విసుగొచ్చినా ఆఖరి పుట దాకా తిప్పాల్సిందే. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఆయనా నేనూ అన్యోన్యంగా కాపురం చేశాం.

ఆ కాపురంలో నిప్పులు పోసింది తిరుపతిలో మాకు ఎమ్మే తెలుగు చెప్పే మేడమ్.

ఆగస్టు 29, గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు. తెలుగు భాషా దినోత్సవం కదా, మాకు వ్యాసాల పోటీ పెట్టారు. ఆయన 1863లో పుట్టారు, 1940లో పోయారు. జనం మాట్లాడే తెలుగే బడి పుస్తకాల్లో ఉండాలని పండితులతో ఏళ్ళ తరబడి పోట్లాడారు. సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ మాటలోనే వాచకాలు రాశారు. ఇదంతా నేను పన్నెండు పేజీల్లో, చెమటోడ్చి, అచ్చమైన గ్రాంథికంలో, అరసున్నలతో సహా రాశాను. 'వ్యావహారిక భాషోద్ధరణ దీక్షాబద్ధకంకణుండగు' అని మొదలవుతుంది. ఆ ఒక్క సమాసానికే అరపూట పట్టింది.

మేడమ్ పన్నెండు పేజీలూ తిప్పి, చివర ఎర్రసిరాతో ఒక్క ముక్క రాశారు: 'ఇది ఎవరికి నాయనా?'

"మీకే మేడమ్" అన్నాను.

"నేను దిద్దేదాన్ని. చదివేవాళ్ళెవరు?"

దిద్దడం వేరు, చదవడం వేరు అని అంతవరకూ నాకెవరూ చెప్పలేదు. బిక్కమొహం వేసి నిలబడ్డాను. మేడమ్‌కు జాలేసినట్టుంది. "అన్నమయ్య సంస్కృతంలోనూ పాడాడు, వడ్లు దంచేవాళ్ళు రోకలి పోటుకు పాడుకునేట్టు సువ్వి పాటలూ కట్టాడు. స్వామి ఆయనే, పాడే నోళ్ళు వేరు" అన్నారు. నేను తల ఊపాను. తల ఊపుతూ ఆయన 32,000 సంకీర్తనలు రాశాడంటారే, అడిషనల్ షీట్లు ఎన్ని కట్టుంటాడా అని ఆలోచిస్తున్నానని ఆమెకు తెలిసిపోయింది. "పోయి బస్టాండు దగ్గర ఒక గంట నిలబడు. ఆటోవాళ్ళను చూడు" అని పంపేశారు.

నిలబడ్డాను. నిజంగానే చూడాల్సిన సంగతే. మనిషి బస్సు దిగీ దిగకముందే ఆటోవాడికి ఆ మనిషి జాతకం తెలిసిపోతుంది. తల మీద జుట్టుంటే "అలిపిరా?" అంటాడు. గుండు మీద గంధం తడి ఆరకుండా ఉంటే కొండ మాటే ఎత్తడు, "స్టేషనా?" అంటాడు. పంచె కట్టు చూసి "వాంగ", మాట చెవిన పడితే "బన్ని", సూట్‌కేసు చూసి "ఆయియే". గంటలో ఒక్కడు కూడా గుండును అలిపిరికి రమ్మనలేదు. నాకు విషయం బోధపడింది. బోధపడినంత మాత్రాన ఊరుకుంటానా, నోటుపుస్తకంలో 'శకటచోదకుల శ్రోతృవివేచన' అని శీర్షిక కూడా రాసుకున్నాను.

ఆ శనివారం మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, ఎనుము తప్పిపోయింది. నువ్వు బిన్నా రా. కాగితం రాయల్ల."

మామ వాళ్ళ పల్లె చిత్తూరు దగ్గర, కాణిపాకానికి నాలుగు కిలోమీటర్లు. వాళ్ళకు నాలుగు గొడ్లున్నాయి కానీ ఇది వేరు. చూడిది, పదో నెల, ఇవాళో రేపో ఈనేట్టుంది. శుక్రవారం సందకాడ పలుపు తెంపుకుని పోయింది. మామ రెండు పూటలు చెరువు గట్టంతా తిరిగి, గొంతు పోగొట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఎమ్మే చదివే అల్లుడుండగా ఊళ్ళో వేరేవాళ్ళతో రాయించడం ఆయనకు పరువు తక్కువ.

నేను రాయబోతుంటే ఒక్క మాట చెప్పాడు. "కుడికొమ్ము విరిగిన సంగతి మాత్రం రాయొద్దు. గుర్తులన్నీ చెప్పేస్తే ఎవుడో ఒగుడు నాదేనని తోలకపోతాడు. ఒకటి మనదగ్గిర పెట్టుకోవల్ల."

ఆ మాటలో ఉన్న తెలివి నాకప్పుడు తెలియలేదు. కొమ్ము సంగతి ఆయన వద్దన్నాడు, తోక సంగతి నాకే తట్టలేదు. ఆ రెండూ తీసేశాక మిగిలింది ఇది:

'విజ్ఞప్తి. సహృదయులారా! మా మాతులుని గృహమును చిరకాలముగా నలంకరించియున్న మహిషి గత శుక్రవారము సాయంసంధ్యా సమయమున బంధనములఁ ద్రెంచుకొని గృహమును వీడి చనినది. ఆమె కృష్ణవర్ణ, మందగమన, విశాలనేత్ర, పూర్ణగర్భవతి. జాడ తెలిపినవారికిఁ దగిన పారితోషికము సమర్పింపఁబడును.'

కింద మామ పేరు, ఫోన్ నంబరు. 'అది' అని రాయడానికి మనసొప్పలేదు. మహిషీ శబ్దం స్త్రీలింగం కదా, 'ఆమె' అన్నాను. కాణిపాకంలో ఇరవైఐదు జిరాక్సులు తీయించి బస్టాపులో, పాలకేంద్రంలో, టీ అంగట్లో, రచ్చబండ రావిచెట్టుకూ అంటించాను. మామ ఒక కాపీ పట్టుకుని ఆ వైపూ ఈ వైపూ చూసి, "బలే రాసినావురా, ఒక ముక్క అర్థం కాలా" అన్నాడు మెచ్చుకోలుగా. మా అవ్వ అయితే దిష్టి కూడా తీసింది.

టీ అంగట్లో జరిగింది తర్వాత విన్నాను. అక్కడ చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు అంగడాయన, ఇంకొకరు రిటైరైన అయ్యవారు. అంగడాయన కూడబలుక్కుని బయటికి చదివి, "మహిషి అంటే ఏంది సార్?" అని అడిగాడు. అయ్యవారు టీ ఊదుకుంటూ, "పట్టమహిషి అని వినలేదూ? రాజుగారి పెండ్లాం. అంటే ఇంటావిడ" అన్నారు. సంస్కృతంలో ఆ మాటకు రాణి అన్న అర్థమూ ఉంది, ఎనుమన్న అర్థమూ ఉంది. అయ్యవారు గౌరవప్రదమైన అర్థం ఎంచుకున్నారు, ఆయన్ని తప్పుబట్టలేం. అక్కణ్ణుంచి కథ దానంతటదే నడిచింది. గృహాన్ని అలంకరించింది ఎవరు? ఇంటావిడ. బంధనాలు తెంచుకుని పోయింది ఎవరు? ఇంటావిడ. పూర్ణగర్భవతి ఎవరు? ఇంటావిడే! మా అత్తకు యాభైరెండేళ్ళు. ఇద్దరు మనవళ్ళు.

ఎవరో కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. గంటలో అది పుంగనూరు చేరింది. పుంగనూరు అత్త పుట్టిల్లు. మామ ఫోను చార్జింగులో ఉంటే అత్తే ఎత్తింది.

"బావా, అక్క కనబడలేదంటనే!" అవతల ఆమె తమ్ముడు, ఏడుపు గొంతుతో.

"నేనే రా మాట్లాడేది."

"నువ్వా? యాడుండావు?"

"యాడుంటాను, పొయ్యికాడుండా."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు తగ్గించి, "అక్కా... పదో నెలంట గదా? మాకొక మాట చెప్పలేదేమే?" అన్నాడు.

అత్త ఫోను కింద పెట్టిన చప్పుడుకు పెరట్లో ఉన్న నాకు భయమేసింది. అంతలో బయట మోటారుసైకిలు ఆగింది. కానిస్టేబులు. వాకిట్లో మంచం మీద కూర్చుని పుస్తకం తీశాడు. మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎనుము కోసం పోలీసులు కూడా కదిలినారే అని ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఎప్పుడు పోయింది?"

"శుక్రవారం సందకాడ సార్."

"ముందు ఏమన్నా గొడవ జరిగిందా?"

"గొడవేముంది సార్, పొద్దన్నే కుడితితొట్టి తన్నేస్తే నాలుగు తిట్లు తిట్టి కట్టేసినా."

కానిస్టేబులు తలెత్తాడు. "కట్టేసినావా?"

"కట్టేయకపోతే పక్కోళ్ళ కయ్యిలో పడి మేస్తాది సార్."

"...మేస్తాదా?"

"కడుపుతో ఉండాది గదా సార్, ఆకిలి జాస్తి."

ఆయన కాసేపు మామనే చూసి, ఇది మామూలు కేసు కాదని నిశ్చయించుకున్నట్టుంది, కొత్త పేజీ తిప్పాడు. "మెడలో ఏముండాయి? తాళిబొట్టు, గొలుసు?"

"గంట సార్. ఇత్తడిది."

సరిగ్గా అప్పుడే అత్త కాఫీ గ్లాసుతో బయటికొచ్చింది. "ఈమెవరు?" అన్నాడాయన. "నా పెండ్లాం సార్." "మరి పోయిందెవరయ్యా?" "ఎనుము సార్!"

కానిస్టేబులు కాగితం తీసి మళ్ళీ మొదటినుంచి చదివాడు. "ఇది రాసినోడెవడు?" అన్నాడు. నేను గడ్డివామి చాటున ఉన్నాను. చెప్పొద్దూ, పేపరు దిద్దే ఆయన మొహాన్ని నేను మొదటిసారి చూసింది ఆ రోజే. ఆయనేం కొట్టలేదు, తిట్టలేదు. కాఫీ తాగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "స్టేషన్లో చూపిస్తా, మావాళ్ళు నవ్వుకుంటారు" అన్నాడు.

అత్త మాత్రం నవ్వలేదు. "నల్లదాన్నా? నిదానంగా నడుస్తానా? కడుపుతో ఉండానా?" అని ఒక్కొక్క విశేషణమూ విడదీసి అడిగింది. "నిన్ను కాదత్తా, ఎనుమును" అంటే, "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంది. మా వైపు ఆ మాట ఊరికే అనరు. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం నిలవదని నమ్మకం. ఆ మాట పడితే నిజం చెప్పేవాడికి కూడా కాళ్ళు వణుకుతాయి.

సాయంత్రం మామ నన్ను టీ అంగటికి తీసుకుపోయాడు. అంగడాయన నాకొక తెల్ల కాగితం, స్కెచ్‌పెన్ను ఇచ్చి పక్కన కూర్చున్నాడు. "చూడు నాయనా, నువ్వు రాస్తే నేను చదవల్ల. నేను చదివితే గొర్రెలోళ్ళు, తోటలోళ్ళు వినల్ల. వాళ్ళు పొద్దన్నే పాలు పోసేదానికి వస్తారు, నిలబడరు. నడస్తానే వింటారు. కాబట్టి మొదటి మాటే ఎనుము అనల్ల."

'ఎనుము' అని రాశాను. చెయ్యి వణికింది. నా జన్మలో ఒక వాక్యాన్ని అంత చిన్న మాటతో మొదలుపెట్టలేదు.

"తగిన పారితోషికం అంటే ఎంత?" అన్నాడాయన. "పది రూపాయలా, పదివేలా? దుడ్డు ఎంతో చెప్తేనే కాళ్ళు నిలబడతాయి." మామ కాసేపు లోపల లెక్కలేసి, వెయ్యి అన్నాడు. విశాలనేత్ర దగ్గర మాత్రం నేను కొంచెం బతిమాలాను. "కండ్లు పెద్దగా లేని ఎనుము యాడన్నా ఉండాదా?" అన్నాడాయన. కొట్టేశాను. చివరికి తేలింది ఇంతే:

'ఎనుము తప్పిపోయింది. చూడిది. మెడలో ఇత్తడి గంట, ఎర్రదారం. శుక్రవారం సందకాడ పోయింది. చూసినోళ్ళు ఫోన్ చెయ్యండి. పట్టి కట్టేసినోళ్ళకు వెయ్యి రూపాయలు.'

స్కెచ్‌పెన్నుతో గీత మాత్రం కొట్టాను, పాత అలవాటు.

మొదటి ఫోను ఆ రాత్రే వచ్చింది. ఎవడో, ఎనుము తన దగ్గరే ఉందని, మేత ఖర్చుకు ముందు ఐదొందలు ఫోన్‌పే కొట్టమని అడిగాడు. మామ తాపీగా, "రెండు కొమ్ములూ బాగుండాయా నాయనా?" అన్నాడు. "ఓ, బ్రమ్మాండంగా ఉండాయి!" "అట్లయితే అది నీదే, పెట్టుకో" అని ఫోను పెట్టేశాడు. కాగితం చదివేవాళ్ళలో దొంగ కూడా ఒకడుంటాడని, వాడి కోసం ఒక మాట రాయకుండా ఉంచాలని మూడో తరగతి చదివిన మామకు తెలుసు. పన్నెండు పేజీల్లో ఒక్క మాట కూడా వదలని వాణ్ణి నేను.

రెండో ఫోను మరుసటి రోజు పొద్దున. తోతాపురి మామిడితోటలో కాపలా ఉండే ఆమె. చదువు రాదు. పాలకేంద్రంలో ఎవరో చదువుతుంటే వినిందట. కోతలయిపోయిన తోట కదా, మనిషి తిరగడు, గడ్డి మోకాళ్ళ దాకా ఉంది. ఈ మహాతల్లి అక్కడ ఒక చెట్టు కింద చోటు చూసుకుని ఈనింది. మేం పోయేసరికి పెయ్యదూడను నాకుతూ, విరిగిన కుడికొమ్ము అటు తిప్పి, మమ్మల్ని ఎరగనట్టు చూసింది. మామ వెయ్యి ఇచ్చి, ఇంకో రెండొందలు చేతిలో పెట్టాడు. దూడను నేను భుజాన వేసుకుని రెండు మైళ్ళు మోశాను. దారిలో అది నా చొక్కా మీద చేసిన పని గురించి రాయను.

మర్నాడు ఇంట్లో జున్ను. అందరికీ గిన్నెలొచ్చాయి, నాకు రాలేదు. అత్త నా వైపు చూడకుండా అవ్వకు పెట్టింది, మామకు పెట్టింది, దూడను చూడ్డానికి వచ్చిన అయ్యవారికి కూడా పెట్టింది. అయ్యవారు తింటూ తింటూ, "ఎంతయినా భాష బాగుందిలేమ్మా. విశాలనేత్ర అంటే పెద్ద పెద్ద కండ్లు గలామె అని. కావ్యాల్లో నాయికలకు వాడతారు" అన్నారు.

అత్త గరిట ఆగింది. నా వైపు తిరిగింది.

"ఏమిరా, ఆ మాట ఎనుమును గురించా, నన్ను గురించా?"

నేను అత్త మొహం చూశాను. గరిట చూశాను. గిన్నె చూశాను. తిరుపతి బస్టాండు గుర్తొచ్చింది.

"ఆ ఒక్క మాట నీ గురించేనత్తా" అన్నాను.

గిన్నె నిండా జున్ను పడింది, పైన బెల్లప్పాకం కూడా. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంది.

"తినేసి పోదాంలే అత్తా" అన్నాను.