ఓడిపోవడం నేర్పే ఉద్యోగానికి వారానికి 16 గంటలేనా?

ఫిలాసఫీ మాస్టారికి పనేముంటుంది? క్యాంపస్‌లో ఈ మాట సరదాకి అనేవాళ్లు కొందరైతే, నిజంగానే నమ్మేవాళ్లు చాలామంది. ల్యాబ్ లేదు, ఫీల్డ్ వర్క్ లేదు, ప్లేస్‌మెంట్ల గొడవ అసలే లేదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల లెక్కా దాదాపు ఇలాగే నడుస్తుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు పాఠం చెప్పాలి. మొత్తం పని వారానికి 40 గంటలు, ఏడాదికి 30 వారాలు, 180 బోధన దినాలు. పాఠాలు పోగా మిగిలిన 24 గంటల్లో ఏం జరగాలో, ఏం జరుగుతోందో అడిగే నాథుడు లేడు. ఈ ఉద్యోగంలో అసలు పని ఉన్నది ఆ గంటల్లోనే. తెలుగు రాష్ట్రాల్లో ఫిలాసఫీ శాఖలు ఎండిపోతున్నాయని వాపోయేవాళ్లు నిధుల గురించి మాట్లాడతారు, ఖాళీ పోస్టుల గురించి మాట్లాడతారు. ఈ గంటల ఊసు మాత్రం ఎత్తరు.

పదోన్నతి పట్టికలో బోధనను ఎలా కొలుస్తారో చూడండి. కేటాయించిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకుంటే ‘గుడ్’. 70 నుంచి 80 లోపు అయితే ‘శాటిస్‌ఫాక్టరీ’. అంతకు తగ్గితే ‘నాట్ శాటిస్‌ఫాక్టరీ’. క్లాసులో ఏం జరిగిందన్న ప్రశ్న ఆ గడిలో లేదు. పొయ్యి ఎన్ని గంటలు వెలిగిందో చూసి వంటవాడికి మార్కులు వేసినట్టుంది వ్యవహారం. పరిశోధన పాయింట్లు ఇంకా విచిత్రం. హ్యుమానిటీస్‌లో గుర్తింపు పొందిన జర్నల్లో ఒక పేపరుకు 10 పాయింట్లు. జాతీయ స్థాయి ప్రచురణకర్త వేసిన సొంత పుస్తకానికీ అవే 10. ఒక పుస్తకాన్ని మొత్తం అనువదిస్తే 8. అంటే ఐదేళ్లు కూర్చుని కాంట్‌ను తెలుగులోకి తెచ్చినవారి కంటే పన్నెండు పేజీల పేపరు అచ్చేసుకున్నవారు రెండు పాయింట్లు ముందుంటారు. నేరుగా అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే 75, ప్రొఫెసర్ కావాలంటే 120 పాయింట్లు చూపాలి కాబట్టి, బుద్ధి ఉన్నవాడెవడూ అనువాదం జోలికి పోడు. తత్వవేత్త కొత్త సచ్చిదానంద మూర్తి ఇంగ్లిషుతో పాటు తెలుగులోనూ రాశారని గర్వంగా చెప్పుకుంటాం. ఆయన దారిలో నడవబోయే కుర్ర లెక్చరర్‌కు మనం చేతికిస్తున్నది ఈ పట్టిక.

ఇక ఆ లెక్కలోకి రాని పని ఏమిటో దగ్గరగా చూద్దాం. ఎంఏ మొదటి సెమిస్టర్ విద్యార్థి దేవుడి ఉనికిపై కారణవాదం గురించి రెండు పేజీల వ్యాసం రాసుకొచ్చాడనుకోండి. మధ్యలో ఈ వాక్యాలు: ‘లోకంలో ప్రతిదానికీ ఒక కారణం ఉంది. కాబట్టి అన్నిటికీ మూలమైన ఒక కారణం ఉంది.’ స్పాట్ వాల్యుయేషన్‌లో దీనికి కళ్లుమూసుకుని టిక్ పడుతుంది. దిద్దే మాస్టారు మాత్రం ఇక్కడ ఆగాలి. ‘కాబట్టి’ కింద గీత గీయాలి. పక్కన ఒక్క ప్రశ్న రాయాలి: ‘ఈ క్లాసులో ప్రతి ఒక్కరికీ ఒక తల్లి ఉంది. కాబట్టి అందరికీ ఒకే తల్లి ఉందా?’ అక్కడితో పెన్ను పైకెత్తేయాలి. జవాబు రాసిచ్చేస్తే పిల్లవాడికి మిగిలేది మరో నోట్సు.

మర్నాడు ఆ కుర్రాడు రెండిట్లో ఏదో ఒకటి చేస్తాడు. ‘నిజమే సార్, ఇది నిలవదు’ అని ఆ వాక్యం కొట్టేస్తాడు. లేదా దాక్కున్న ఆధారాన్ని బయటికి లాగుతాడు: ‘కారణాల వరుస అలా అనంతంగా వెనక్కి పోలేదు కదా సార్!’ అప్పుడు అసలు ప్రశ్న మొదలవుతుంది. ఎందుకు పోలేదు? ఈ ఒక్క అడుగు వేయించడం కోసమే ఎంఏ ఫిలాసఫీ ఉంది. మిగతా సమాచారమంతా లైబ్రరీలో దొరుకుతుంది.

దిద్దడంలోనూ తప్పులు జరుగుతాయి, అవి ఎక్కువగా మాస్టార్లు చేసేవే. మార్జిన్‌లో ‘అస్పష్టం’ అని రాసి వదిలేయడం మొదటిది. ఏది అస్పష్టమో తెలిసుంటే విద్యార్థి అలా రాసేవాడే కాదు. రెండోది, వాదన వదిలేసి అక్షరదోషాలు దిద్దడం. మూడోది, పేజీ నిండా ఎర్ర ఇంకు. పదిహేను చోట్ల గీతలు కనబడితే విద్యార్థి ఒక్కదాన్నీ పట్టించుకోడు, కాగితం మడిచి బ్యాగులో పెట్టేస్తాడు. పేజీకి రెండు గుర్తులు చాలు, అవీ వాదన తేల్చే మాట, అంటే నిర్ణయం, ఆధారపడ్డ చోటే. కాగితం వారంలోగా తిరిగి చేతికి రావాలి. ఆలస్యమైతే తాను ఏ ఆలోచనతో ఆ వాక్యం రాశాడో రాసినవాడికే గుర్తుండదు. మార్కులు తిరగరాసిన ప్రతికే వేయాలి, లేకపోతే తిరగరాయరు.

దీనికి ఎంత సమయం పడుతుంది? జాగ్రత్తగా చదివితే వ్యాసానికి 20 నిమిషాలు. క్లాసులో 30 మంది ఉంటే 10 గంటలు. తిరగరాసిన ప్రతికి 15 నిమిషాల చొప్పున ఇంకో ఏడున్నర గంటలు. సెమిస్టర్‌కు మూడు వ్యాసాలు రాయిస్తే ఒక్క పేపరుకు 52 గంటల 30 నిమిషాలు. వారానికి నాలుగేసి గంటల చొప్పున నాలుగు పేపర్లు చెప్పేవారికి మొత్తం 210 గంటలు. 15 వారాలకు పంచితే వారానికి 14. అంటే పాఠం చెప్పే 16 గంటలకు దాదాపు సమానమైన పని కాగితం మీద ఎక్కడా లేదు. లేని పనిని ఎవరు చేస్తారు? మనస్సాక్షి ఉన్న కొందరు చేస్తారు, సెలవులు తగలేసుకుని.

మిగతాచోట జరిగేది అందరికీ తెలుసు. ఐదు ‘ఇంపార్టెంట్ క్వశ్చన్లు’ ముందే బయటికొస్తాయి. జవాబుకు ఒక అచ్చు ఉంటుంది: పుట్టుక, రచనలు, సిద్ధాంతం, విమర్శ, ముగింపు. కాంట్ 1724లో కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడన్న దగ్గర మొదలై, ‘విమర్శ’ దగ్గర ప్రతి తాత్వికుడికీ సరిపోయే రెండు వాక్యాలతో కథ కంచికి. దిద్దే చోట పూటకు ముప్ఫై పేపర్లు ఇచ్చారనుకుందాం. మూడు గంటల్లో ముప్ఫై అంటే పేపరుకు 6 నిమిషాలు. ఐదు వ్యాసరూప జవాబులుంటే ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. ఆ వేగంతో ఉపశీర్షికలు కనబడతాయి తప్ప వాదన కనబడదు. విద్యార్థులు తెలివైనవాళ్లు. కనబడేదే రాస్తారు.

లెక్కలు లేకపోతే మాస్టార్లు పని ఎగ్గొడతారని అధికారులంటారు. అబద్ధం కాదు. పాతికేళ్లుగా అవే రంగు మారిన నోట్సు డిక్టేట్ చేసేవాళ్లు, మధ్యాహ్నం తర్వాత గదిలో కనబడనివాళ్లు ప్రతి క్యాంపస్‌లోనూ ఉన్నారు. కానీ ఈ లెక్కలు వారిని ఏం చేయగలిగాయి? 80 శాతం క్లాసులు తీసుకుని అదే డిక్టేషన్ చెప్పి ‘గుడ్’ కొట్టేశారు. కొలవద్దని ఎవరూ అనడం లేదు. దిద్దిన కాగితాలు, తిరగరాసిన ప్రతులు కట్ట కట్టి శాఖలో పెట్టమనండి. అవి అబద్ధం చెప్పవు.

రెగ్యులర్ పోస్టుల్లో ఉన్నవారి సంగతి ఇదైతే, గంటల లెక్కన బతికేవారి సంగతి చెప్పనక్కర్లేదు. గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చర్‌కు రూ.1,500, నెలకు రూ.50,000 మించకుండా ఇవ్వాలని యూజీసీ 2019లో చెప్పింది. అదీ అన్నిచోట్లా చేతికందదు. అందినా అది లెక్చర్‌కే. దిద్దితే పైసా రాదు. నెలకు సరిపడా డబ్బు కళ్లజూడాలంటే రెండు మూడు కాలేజీలు తిరగాలి. అలా తిరిగే మనిషిని వ్యాసాలు ఎందుకు దిద్దలేదని అడగడానికి నోరెలా వస్తుంది?

ఆ ఉద్యోగానికి మనిషిని ఎంచుకునే తీరూ చూడాలి. లెక్చరర్ల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో 50, 100 ప్రశ్నల రెండు పేపర్లు, 300 మార్కులు, అన్నీ నాలుగు ఆప్షన్లవే, నెగెటివ్ మార్కులు కూడా లేవు. 2012 దాకా మూడో పేపరులో వ్యాసాలు రాయించేవారు, అదీ పోయింది. ఇప్పుడు జీవితంలో ఒక్క వాదనైనా సొంతంగా రాయకుండా వాదన నేర్పే అర్హత సంపాదించవచ్చు. ప్రశ్నపత్రం వచ్చేది ఇంగ్లిషులో, హిందీలో. తెలుగులో చదివి, తెలుగులో ఆలోచించి, తెలుగులో బోధించబోయే అభ్యర్థి ఈ గడప దాటడానికి తన భాష గడప బయటే విడిచి రావాలి.

ఈమధ్య వ్యాసాలన్నీ చాట్‌బాట్‌లే రాసి పెడుతున్నాయని, ఇక దిద్దడం దండగని కొందరు చేతులెత్తేస్తున్నారు. నిజానికి మందు పాతదే. క్లాసులోనే 40 నిమిషాలు కూర్చోబెట్టి చేత్తో రాయించాలి. తర్వాత ఒక్కొక్కరిని పిలిచి పది నిమిషాలు నోటితో అడగాలి: నీ నిర్ణయం ఏమిటి, దానికి ఆధారాలెన్ని, వాటిలో ఏది పడిపోతే మొత్తం కూలుతుంది? మూడో ప్రశ్న దగ్గర అరువు సరుకు బయటపడుతుంది. ఆ పది నిమిషాలు తెలుగులో ఉండాలి. ఇంగ్లిష్ వైవాలో నీళ్లు నమిలే పిల్లలే సాయంత్రం హాస్టల్ ముందు టీ బంకు దగ్గర రిజర్వేషన్ల మీద గంటసేపు పదునుగా వాదిస్తారు.

టీ బంకు వాదనలో లోపించేది పదును కాదు, ఓటమి. అక్కడ ఎవరూ ఓడిపోరు. మన సమాజం మొత్తానికీ పట్టిన జబ్బు ఇదే. రాత్రి ఎనిమిది గంటలకు ఏ తెలుగు న్యూస్ చానెల్ పెట్టినా నలుగురు ప్రతినిధులు, ఒక యాంకర్, గంట సమయం. ‘మీరన్నది నిజం, నా మాట వెనక్కి తీసుకుంటున్నా’ అని వారిలో ఒకరు అనగా విన్నవారు ఎవరైనా ఉన్నారా? శాసనసభలో? ఫేస్‌బుక్‌లో? ఓడిపోయే పద్ధతి లేని చోట గెలుపుకు గొంతు ఒక్కటే కొలత.

మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. ఈ మూడూ చాలామంది విన్నవే. అంతకంటే విలువైనది ఆ శాస్త్రం చివర్లో ఉన్న ఓటముల జాబితా. మొత్తం 22 నిగ్రహస్థానాలు. మొదట చెప్పిన పక్షాన్ని వదిలేస్తే ప్రతిజ్ఞాహాని. ఇరుకున పడగానే పక్షం మార్చేస్తే ప్రతిజ్ఞాంతరం. సంబంధం లేని సంగతి ఎత్తుకుంటే అర్థాంతరం. నాకు వీటిలో బాగా నచ్చేది అననుభాషణం: ఎదుటివాడు మూడుసార్లు చెప్పినా, సభకు అర్థమైనా, ఆ మాటను నువ్వు తిరిగి చెప్పలేకపోతే ఓడినట్టే. ఈ ఒక్క నియమం పెడితే మన టీవీ చర్చలు మొదటి ఐదు నిమిషాల్లోనే ముగిసిపోతాయి.

ఆ నియమాన్ని రేపు ఉదయమే క్లాసులో పెట్టవచ్చు. అభ్యంతరం చెప్పదలచినవారు ముందు అవతలివారి వాదనను తమ మాటల్లో చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అని అవతలివారు ఒప్పుకున్నాకే అభ్యంతరం ఎత్తాలి. మొదటి రెండు వారాలు గందరగోళంగా ఉంటుంది, గంటలో ఇద్దరి వంతే అవుతుంది. సిలబస్ వెనకబడుతుంది కూడా. వెనకబడనివ్వండి, బోధపడటం ముఖ్యం. తర్కంలో ఇప్పటికీ దేశమంతా మొదట చేతికిచ్చే పుస్తకం తర్కసంగ్రహం, రాసింది మన తెలుగువాడు అన్నంభట్టు. పిల్లలకు సుఖంగా బోధపడాలనే రాస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పుకున్నాడు. ‘కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః’ అని ఆయన మీద నానుడి. కాశీకి వెళ్లొచ్చినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు కాడు. సెమినార్ సర్టిఫికెట్లు పోగేసుకునేవారికీ ఇది వర్తిస్తుంది.

2025 జనవరిలో యూజీసీ ఇచ్చిన ముసాయిదా పాయింట్ల పద్ధతిని పక్కనపెట్టి, చెప్పుకోదగ్గ కృషిని చూడాలంది. భారతీయ భాషల్లో బోధనకూ అందులో చోటిచ్చింది. అప్పట్లో రచ్చంతా వైస్ చాన్సలర్ల నియామకం చుట్టూ తిరిగింది కాబట్టి ఈ భాగాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఢిల్లీ ఏం తేలుస్తుందోనని కూర్చోనక్కర్లేదు. ఇంటర్నల్ మార్కుల పంపకం సిలబస్ తేల్చే మన బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలో ఉంది. ఇంటర్నల్‌కు 30 మార్కులున్న చోట 20 తిరగరాసిన వ్యాసాలకు, 10 తెలుగు వైవాకు అని ఒక తీర్మానం చేసి అకడమిక్ కౌన్సిల్‌కు పంపవచ్చు. శాఖాధిపతి టైమ్‌టేబుల్‌లో వారానికి నాలుగు గంటలు ‘దిద్దుబాటు’ అని రాసి, ఆ గంటల్లో కమిటీలు, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ ఫైళ్లు అప్పగించకుండా చూడవచ్చు. మొదటి అభ్యంతరం పరీక్షల విభాగం నుంచే వస్తుంది, మార్కులు ఏ తేదీకి పంపుతారని. 13వ వారం చివరికి అని చెప్పండి. మొదటి వ్యాసం మూడో వారంలో రాయిస్తే ఆ గడువు సరిపోతుంది.