వంద కొట్టించినా ముల్లు లేవదు

నిన్న బంకులో వంద కొట్టించాను. ‘జీరో చూస్కో అన్నా’ అన్నాడు కుర్రాడు. చూసి తలెత్తేలోపే అయిపోయింది, లీటరు కూడా రాలేదు. బండి ముల్లు రిజర్వు మీద నుంచి లేస్తే ఒట్టు!

2020లో కరోనా దెబ్బకి ముడిచమురు పాతాళానికి పడితే మనకేమైనా తగ్గిందా? ఆ మే నెలలోనే కేంద్రం పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయల సుంకం పెంచింది. దాని మీద తెలంగాణ వ్యాటు, పెట్రోలుకైతే 35.2 శాతం. జీఎస్టీలోకి తెమ్మంటే మాత్రం ఇద్దరిదీ ఒకటే మౌనం.

బండి లేనివాళ్లకి ఏం బాధ అంటారు. ట్రాలీ ఆటోలో కూరగాయలు తెచ్చే ఆయన్ని మా ఆవిడ కొసరుగా నాలుగు పచ్చిమిర్చి అడిగింది. ‘డీజిల్ మీరు పోయిస్తారా అమ్మా?’ అన్నాడు. కరివేపాకు రెబ్బకి కూడా ఇప్పుడు 5 రూపాయలు.