ఒక్కసారి ఊదితే నార్మలా?

టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో, క్రషర్లలో పనిచేసేవాళ్లను వరసగా నిలబెట్టి, గొట్టంలో ఒక్కసారి ఊదించి, ‘నార్మల్’ అని కాగితం చేతిలో పెట్టి పంపడాన్ని వైద్య పరీక్ష అనరు. తంతు అంటారు.

గొట్టంలో ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే ఈ పరీక్షను స్పైరోమెట్రీ అంటారు. దానికో పద్ధతి ఉంది. పొద్దున్నే మూడు లీటర్ల సిరంజితో యంత్రాన్ని సరిచూడాలి. తేడా 3 శాతం దాటితే దాన్ని పక్కన పెట్టాలి. చెప్పులు విప్పించి ఎత్తు కొలవాలి, అడిగి రాసుకోవడం కాదు. ముక్కుకు క్లిప్పు పెట్టాక ఛాతీ నిండా పీల్చి, పెదాలు బిగించి, విసురుగా ఊదడం మొదలుపెట్టి, తెరమీద గీత చదునయ్యేదాకా ఆపకూడదు. ఇలాంటి సరైన ఊదుళ్లు మూడు రావాలి. వాటిలో మెరుగైన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదు. శ్వాసనాళాల్లో అడ్డంకి కనిపిస్తే స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) శ్వాసనాళాలను తెరిచే మందు సాల్బుటమాల్ 400 మైక్రోగ్రాములు ఇచ్చి, పావుగంట ఆగి, మళ్లీ మొదటినుంచి.

మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో చూడండి. ఒకరి ఊపిరి మొత్తం 3 లీటర్లు, మొదటి సెకనులో వచ్చింది 1.8. నిష్పత్తి 0.60. మందు ఇచ్చాక కూడా 0.70 కంటే తక్కువే ఉంటే సీవోపీడీ, అంటే శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు అనుకోవాలి. అదే మనిషి రెండో సెకనుకే ఆపేసి 2.4 లీటర్లే ఊదాడనుకోండి, నిష్పత్తి 0.75 అవుతుంది. శ్వాసనాళాల్లో అడ్డంకి అలాగే ఉంది, కాగితం మీద మాత్రం లేదు!

మా ఆందోళన ఆ కాగితం గురించే. రాతిధూళి పీల్చడంవల్ల ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ నష్టపరిహారం చెల్లించాల్సిన వృత్తి వ్యాధి. రేపు కార్మికుడు పరిహారం అడిగితే యాజమాన్యం ముందుగా చూపేది ఆ ‘నార్మల్’ కాగితాన్నే. సిలికోసిస్ తొలిదశలో పద్ధతిగా ఊదించినా అంకెలు బాగానే ఉండొచ్చు. అందుకే ఛాతీ ఎక్స్‌రే, ఎన్నేళ్లు ఏ పని చేశాడన్న వివరం తప్పనిసరి. ఎక్స్‌రేలో మచ్చలు కనబడితే కళ్లె పరీక్షైనా లేకుండా టీబీ అని తేల్చేయడం ఇంకో దురలవాటు.

టెక్నీషియన్లు లేరు, జనం ఎక్కువ అంటారు. నిజమే కావచ్చు. అయితే ‘పరీక్ష సరిగా కుదరలేదు’ అని రాయండి, విశాఖ ఛాతీ ఆసుపత్రికి పంపండి. కుదరని పరీక్షకు నార్మల్ అని రాసే హక్కు ఎవరిచ్చారు? మూడు ఊదుళ్ల గీతలూ అచ్చు వేయని రిపోర్టును కార్మిక శాఖ గానీ, గనుల అధికారులు గానీ అసలు తీసుకోకూడదు. ఒకసారి తీసుకుంటే జీడి పరిశ్రమకూ, జూట్ మిల్లుకూ అదే నమూనా అవుతుంది. గ్రాఫు చూడకుండా సంతకం పెడుతున్న డాక్టర్లు ఆ సంతకం ఎవరి కోసం పెడుతున్నారో చెప్పాలి.